పోయొచ్చే వీసా

ఆ ఎండాకాలం మా ఇంట్లో రెండు దరఖాస్తులు ఒకేసారి నడిచాయి. ఒకటి నాది, యూరప్ వీసాకి. రెండోది మా అన్న వంశీధర్‌ది, ఉస్మాన్‌గంజ్‌లో మా వర్తక సంఘం కార్యదర్శి పదవికి. ఇద్దరం దుకాణం పై గదిలో ఒకే బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. అన్న కరపత్రంలో అచ్చుతప్పులు నేను దిద్దాను. నా ఫారంలో నేను వదిలేసిన గళ్ళను అన్న వెతికి పట్టుకున్నాడు.

యోరిస్ మా దుకాణానికి మొదట వచ్చింది బెల్లం కోసం. బెల్జియంలో గెంట్ అనే ఊరివాడు. పాత కట్టడాల గోడలకు సున్నపు పూత పూయడం అతని పని. చార్మినార్ వెనక ఉన్న దేవిడీని, నవాబుల కాలంనాటి భవంతిని, బాగుచేయడానికి రెండేళ్ళ కాంట్రాక్టు మీద వచ్చాడు. డంగు సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలుపుతారు. ఆ రెండూ మా దగ్గర టోకున దొరుకుతాయి. మేస్త్రీల దగ్గర నేర్చుకున్న తెలుగుతో, "అన్నా, నల్ల బెల్లం ఉన్నదా? తినేటందుకు కాదు, గోడకు" అని అడిగితే మా హమాలీ లక్ష్మయ్య భుజం మీది బస్తా కింద పెట్టి మరీ నవ్వాడు. ఇంగ్లీషు వచ్చు కదా అని అన్న నన్ను ముందుకు తోశాడు. అలా మొదలైంది. ఏడాదిన్నర తర్వాత, అతని కాంట్రాక్టు ఇంకో రెండు నెలల్లో ముగుస్తుందనగా, "మా ఊరు చూద్దువుగాని రా" అన్నాడు యోరిస్. "చూసి వెళ్ళు. మళ్ళీ రా. మళ్ళీ వెళ్ళు. నేనూ అంతే చేస్తాను."

నాకు అది నచ్చింది. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. పదకొండేళ్ళుగా దుకాణానికి సరుకు కొనేది నేనే. కామారెడ్డి బెల్లం దిమ్మె మీద గోటితో గీసి అందులో ఎంత తేమ ఉందో చెప్పగలను. దాన్ని వదిలేసి ఎక్కడికో పోయి స్థిరపడాలని నాకు లేదు. యోరిస్‌ని వదులుకోవాలనీ లేదు. ఎన్నిసార్లయినా వెళ్ళి రాగలిగే వీసా ఒకటి ఉంటుందని తెలిశాక, నాకోసమే ఎవరో ఆలోచించి పెట్టినట్టు అనిపించింది.

"మల్టిపుల్ ఎంట్రీ అంటే ఏంది?" అని అడిగాడు నాన్న. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర, నా వైపు చూడకుండా.

"ఎన్నిసార్లయినా పోయి రావచ్చు బాపూ."

"పోవుడు అందరికి ఎర్కనే. వచ్చుడు ఎవరు జూసిన్రు?"

"మనం గడప దాటేటప్పుడు పోత అనం గద. పోయొస్త అంటం. గసుంటి వీసా ఇది."

అన్న నవ్వాడు. నాన్న నవ్వలేదు. మా నాన్న వెంకటనారాయణ సేటుకి ఇష్టం లేకపోవడమంటే గొంతు పెంచడం కాదు. విస్తరి మడిచేసి లేవడం. దుకాణం నుంచి ఒక ఉత్తరం కావాలని, నేను అక్కడ పనిచేస్తున్నాననీ తిరిగి వచ్చి చేరతాననీ అందులో రాసివ్వాలనీ చెప్పాను. విస్తరి మడిచాడు.

"నువ్వు అటు పోవుడు నాకు ఇష్టం లేదు. ఆ కాయితం మీద నేను సంతకం పెట్ట. గంతే."

చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి అన్న తన కుర్చీ నా పక్కకు లాక్కున్నాడు.

"బాపు పెట్టకుంటే ఏంది, నేను పెడ్త. దుకాణం నా పేరు మీద గూడ ఉన్నది. నువ్వు ఫికర్ జెయ్యకు హైమా."

అప్పుడే దుకాణం లెటర్‌హెడ్ తీసి ఉత్తరం టైపు చేశాడు. హైమవతి మా సంస్థలో పదకొండేళ్ళుగా కొనుగోళ్ళు చూస్తున్నారు, సెలవు ముగియగానే తిరిగి విధుల్లో చేరతారు. వార్తలు చదివేవాడిలా గొంతు మార్చి పైకి చదివి వినిపించాడు. సంతకం పెట్టి, ముద్ర వేసి, సిరా ఆరేదాకా ఊదాడు.

యోరిస్‌కీ నాకూ ఉన్న బంధానికి రుజువుగా వీసావాళ్ళు ఫొటోలు కూడా అడిగారు. ఇద్దరం కలిసి ఉన్నవి వెతికితే నాలుగే దొరికాయి. ఒకటి కాంటా పక్కన, ఒకటి రంజాన్ నెలలో మదీనా చౌరస్తా దగ్గర హలీం గిన్నెలతో, రెండు దేవిడీ మెట్ల మీద. నాలుగూ తీసింది అన్నే. "ఇగో, సాక్షి గూడ నేనే," అన్నాడు.

ఏప్రిల్ రెండో వారంలో వీసా సెంటర్‌కి నన్ను స్కూటర్ మీద దింపిందీ అన్నే. లోపల వేలిముద్రల మెషీన్ నా వేళ్ళను ఒక పట్టాన పట్టలేదు. గోనెసంచులు, బెల్లం దిమ్మెలు పట్టీ పట్టీ గీతలు అరిగిపోయాయట. కౌంటర్‌లో అమ్మాయి తడి కాగితం ఇచ్చి తుడుచుకోమంది.

"ఏం పని చేస్తారు మేడమ్?"

"బెల్లం, కరక్కాయ హోల్‌సేల్. కొనుగోళ్ళు నేనే చూస్త."

"పిలిచినవాళ్ళు మీకేమవుతారు? ఫ్రెండా, పార్ట్‌నరా? పెళ్ళయిందా?"

"కాలేదు. పార్ట్‌నర్ అని రాయున్రి."

ఆ మాట పరాయివాళ్ళ ముందు నేను పైకి అనడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి తల కూడా ఎత్తలేదు. టకటకా కొట్టేసి, "మొదటిసారే మల్టిపుల్ ఇవ్వడం తక్కువ మేడమ్. కాగితాలు గట్టిగా ఉంటే మాత్రం చెప్పలేం," అంది. "ఢిల్లీలో ఎంబసీ నుంచి మీ షాపుకి ఫోన్ చేసి కనుక్కుంటారు. ఎవరో ఒకరు ఎత్తేలా చూసుకోండి."

బయటికొచ్చి అన్నతో ఆ మాటే చెప్పాను.

"నేనే ఎత్తుత," అన్నాడు. స్కూటర్ నడుపుతూ దారిపొడుగునా హిందీలో ఎలా మాట్లాడాలో వల్లె వేశాడు. "హా జీ, హైమవతి జీ హమారే యహా పర్చేజ్ దేఖ్తీ హై." అఫ్జల్‌గంజ్ సిగ్నల్ దగ్గర పక్కనున్న ఆటోవాలా మా వైపు తిరిగి చూశాడు.

నెలాఖరులో సీజను చివరి బెల్లం కోసం కామారెడ్డి వెళ్ళి రెండు రోజులు అక్కడే ఉన్నాను. తిరిగొచ్చేసరికి దుకాణం పెళ్ళివారిల్లులా ఉంది. ఎన్నికకు పది రోజులే ఉంది. పొద్దున పదకొండు కొట్టేసరికి పెద్ద వ్యాపారులంతా వచ్చి మా గద్దె మీద కూర్చుంటున్నారు. వాళ్ళలో పసుపు, మిర్చి టోకు చేసే అంజన్ సేటు ఉన్నాడు. ఆయన తల ఊపితే నలభై ఓట్లు కదులుతాయని చెప్పుకుంటారు. వచ్చినవాళ్ళకల్లా చాయ్, ఉస్మానియా బిస్కెట్లు అందించి, ఓటరు జాబితా పట్టుకుని నేనే ఫోన్లు చేశాను. "మా అన్నకు వెయ్యున్రి, మాట తప్పేటోడు కాదు," అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

"ఢిల్లీ నుంచి ఫోన్ గిట్ల వచ్చిందా?" అని రోజూ అడిగేదాన్ని.

"ఇంక రాలే. వస్తది తియ్యి," అనేవాడు.

ఎన్నికలో అన్న గెలిచాడు. మరునాడు మధ్యాహ్నం గంజ్ అంతా దండలు, డప్పులు. అన్న మెడలో బంతిపూలు చెవులదాకా వచ్చాయి. ఆ గోలలోనే కొరియర్ అతను వచ్చి సంతకం పెట్టించుకుని కవరు ఇచ్చాడు. గోదాంలోకి వెళ్ళి చించాను. పాస్‌పోర్టులో ఏ ముద్రా లేదు. దానితోపాటు ఒక కాగితం. అందులో రెండు గళ్ళలో టిక్కులు. మీరు సమర్పించిన సమాచారం నమ్మదగినదిగా లేదు. మీరు తిరిగి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు.

ఎంతసేపు అక్కడ నిలబడ్డానో. అన్న వెతుక్కుంటూ వచ్చాడు, మెడలో దండలు అలాగే ఉన్నాయి. కాగితం తీసుకుని చదివాడు. రెండోసారీ చదివాడు.

"నమ్మదగిన సమాచారం కాదంట," అన్నాను. "ఏది అన్నా? నేనేం అబద్ధం రాసిన?"

అన్న దండలు ఒక్కొక్కటీ తీసి బస్తాల మీద పెట్టాడు. తర్వాత నా తల నిమిరాడు.

"మన కాయితాలైతే పక్కా. నేను జూసిన గద. ఇగ మిగిలింది ఆయన పంపిన కాయితాలే."

"ఆయన ఏం తప్పు పంపుతడు?"

"నేనేం అంటలేను. మంచోడే. కని అక్కడ ఎట్ల ఉంటడో మనకేం ఎర్క? ఇంకో సంసారం గిట్ల ఉన్నదేమో, ఆళ్ళ ఆఫీసుల రికార్డుల ఉంటది గద. ఒకసారి అడుగు. అడిగితే తప్పు లేదు."

ఇంకెవరైనా ఆ మాట అంటే కొట్టిపారేసేదాన్ని. కానీ అన్నది మా అన్న. ఆ మాట నాలో పడి రెండు రోజులు మెసిలింది. మూడో రోజు సాయంత్రం నాలుగింటికి చార్మినార్ దాటి దేవిడీకి నడిచాను.

యోరిస్ పరంజా మీద ఉన్నాడు. పూసిన సున్నాన్ని నున్నటి రాయితో రుద్దుతున్నాడు. అలా గంటలకొద్దీ రుద్దితే గోడ అద్దంలా మెరుస్తుంది. నన్ను చూసి దిగాడు. వీసా రాలేదని ఫోన్లో ముందే చెప్పాను. కాగితం చూపించాను.

"ఏది నమ్మలేదో రాయలేదే," అన్నాడు. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. "నేనిచ్చినవి రెండు. మా మునిసిపాలిటీ ముద్ర వేసిన హామీ పత్రం ఒకటి, నీకు రాసిన ఆహ్వానం ఒకటి. నీకు చూపించాకే పంపాను."

"అక్కడ నీకు ఇంకెవరన్నా ఉన్నారా?"

అతను కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు. నా ముఖంలోకి చూశాడు.

"ఈ ప్రశ్న నీదా, మీ అన్నదా?"

"నాదే," అన్నాను.

బకెట్ దగ్గర కూర్చుని చేతులు కడుక్కున్నాడు. సున్నం పోయాక కూడా కడుగుతూనే ఉన్నాడు.

"లేరు," అన్నాడు లేచి. "ఉంటే ఏడాదిన్నర కిందటే చెప్పి ఉండేవాణ్ణి. అది నీకు తెలుసనుకున్నాను."

మళ్ళీ పరంజా ఎక్కాడు. మిగిలిన రోజుల్లో మేం కలవలేదని కాదు. కలిశాం, ఒకచోట కూర్చున్నాం, విమానం టైము గురించి, సామాను బరువు గురించి మాట్లాడుకున్నాం. మే ముప్పై ఒకటిన అతన్ని విమానాశ్రయానికి తీసుకెళ్ళింది మా అన్న. పెట్టె తనే మోసి కారులో పెట్టాడు. యోరిస్‌ని గట్టిగా కావలించుకుని, "భాయ్, జల్దీ ఆనా," అన్నాడు. నేను దుకాణంలోనే ఉండిపోయాను. సరుకు దిగుతోందని చెప్పాను. ఆరోజు ఏ సరుకూ దిగలేదు.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున గోదాంలో పైకప్పు కారుతుంటే లక్ష్మయ్య, నేను బస్తాలు జరిపిస్తున్నాం. లక్ష్మయ్య మా దగ్గర ముప్పై ఏళ్ళుగా ఉన్నాడు. చలికాలంలో మళ్ళీ వీసాకి పెడదామనుకుంటున్నానని మాటవరసకు అన్నాను.

"పెట్టు బిడ్డా. ఈసారన్న అందరు ఒక్క మాట మీద ఉండున్రి," అన్నాడు.

"ఏం మాట?"

"గదే, ఆ దినం ఢిల్లీకెల్లి ఫోన్ వచ్చినప్పుడు చిన్న సేటు లేదన్నడు గద. ఆమె ఇక్కడ పనిచేయదు, ఇంట్ల ఉంటది అని హిందీల చెప్పిండు. లెటర్ గూడ మేము ఇయ్యలేదు, ఎవరు రాసుకున్నరో ఎర్కలేదు అన్నడు. నువ్వు పోవుడు మానుకున్నవేమో, ఇంట్ల మాట్లాడుకున్నరేమో అనుకున్న." నా ముఖం చూసి ఆగాడు. "నీకు ఎర్కలేదా బిడ్డా?"

"ఏ దినం?"

"నువ్వు కామారెడ్డి పోయినవ్ సూడు, గప్పుడు."

చేతిలో ఉన్న బస్తా చివర వదిలేసి ముందు దుకాణంలోకి వచ్చాను. వంశీధర్ గద్దె మీద కూర్చుని సంఘం రసీదు పుస్తకాలకు ముద్రలు వేస్తున్నాడు. నాన్న అటు చివర పేపర్ చదువుతున్నాడు. ఇంకెవరూ లేరు.

"ఢిల్లీకెల్లి ఫోన్ వచ్చిందంట గద?"

చేతిలోని ముద్ర ప్యాడ్ మీద పెట్టేశాడు. ఎవరు చెప్పారని అడగలేదు.

"అంజన్ సేటు ఎదురుంగ కూసున్నడు హైమా. ఇంకో ముగ్గురున్నరు. ఫోన్ల ఆమె ఒక్కొక్కటి అడుగుతున్నది. యోరిస్ ఆమెకేమైతడు, పెండ్లయిందా, కలిసుంటరా అని. అందరి ముంగట ఏమని చెప్పాలె? పది దినాలల్ల ఎన్నిక. నలభై ఓట్లు."

"లెటర్ ఇయ్యలే అని ఎందుకన్నవ్?"

"నోట్లకెల్లి వచ్చేసింది. పనిచేయదు అన్నంక, మరి లెటర్ల గట్ల ఉన్నదేంది అన్నది. ఏం జెయ్యాలె?"

"మరి యోరిస్‌కు ఇంకో సంసారం ఉన్నదేమో అని ఎందుకన్నవ్?"

రసీదు పుస్తకం మూసి పక్కకు జరిపాడు. తర్వాత మెల్లగా, "గప్పుడు నువ్వు అడుగుతున్నవ్. ఏదో ఒకటి చెప్పాలె గద," అన్నాడు.

అంతే. నాకు పెద్ద లొల్లి చేయాలనిపించలేదు.  నాన్న పేపర్ మడిచి పక్కన పెట్టాడు. ఈ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసింది. వంశీధర్ వైపు చూశాడు.

"నేను ఇయ్యనన్న," అన్నాడు. "మొఖం మీదనే అన్న. ఇచ్చి, ఇయ్యలేదన్నోణ్ణి కాదు నేను."

గోదాం తాళాలు, కాంటా గది తాళాలు నా నడుముకే ఉంటాయి. తీసి గద్దె మీద పెట్టాను.

"గిదేంది హైమా?"

"నేనిక్కడ పనిచేయనని ఫోన్ల చెప్పినవ్ గద. అబద్ధం గావద్దు."

అదే రోజు యోరిస్‌కి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న. అన్నీ చెప్పాను, తడబడకుండా, మొదటినుంచి చివరిదాకా. ఆ ప్రశ్న నాది కాదని కూడా చెప్పాను.  అవతల ఎక్కడో సైకిల్ గంట వినిపించింది.

"మీ అన్న ఫోన్లో ఎవరో తెలియని మనిషితో అబద్ధం ఆడాడు," అన్నాడు చివరికి. "నువ్వు నా ఎదుట నిలబడి అడిగావు హైమా. నీదేనా అంటే నాదే అన్నావు."

 అతను కోపంగా అని ఉంటే బాగుండేది. ఎప్పుడూ గోడ గురించి చెప్పే గొంతుతోనే చెప్పాడు, ఇక్కడ బీట ఉంది అన్నట్టు. ఇప్పటికీ రాస్తాడు, వారానికొకసారి. అక్కడి వానల గురించి, పని గురించి. ఎప్పుడొస్తావని మాత్రం అడగడు.

శ్రావణమాసంలో అఫ్జల్‌గంజ్ సందులో ఒక్క షట్టర్ అద్దెకు తీసుకున్నాను. కరక్కాయ, కుంకుడుకాయ, శీకాయ. వీసాకి మళ్ళీ పెట్టాలంటే ఈసారి నా ఉత్తరం నేనే రాసుకోవాలి, నా దుకాణం పేరు మీద. దానికి ముందు సంఘం సభ్యత్వం కావాలి. అది లేకుంటే గంజ్‌లో హమాలీలు సరుకు దించరు. పాత సభ్యుడు ఒకరు సంతకం పెట్టి ప్రతిపాదించాలి. నేను అంజన్ సేటు దగ్గరికి వెళ్ళాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఫారం చదవకుండానే సంతకం పెట్టాడు.

"మీ తెల్లాయన మళ్ల ఎప్పుడొస్తడు బిడ్డా? మా దగ్గర గూడ పసుపు కొన్నడు. మస్తు మంచోడు."

"మీకు ఎర్కనా సేటూ? మా సంగతి?"

"గంజ్‌ల ఎర్కలేనిది ఎవరికి?" అన్నాడాయన. "ఓట్ల ముందటినుంచే అందరికి ఎర్కనే. అండ్ల ఏమున్నది."

ఫారం పట్టుకుని సంఘం ఆఫీసు మెట్లెక్కాను. నా ముందు ఇద్దరున్నారు. కార్యదర్శి కుర్చీలో వంశీధర్ ఉన్నాడు. వరసలో నిలబడి మిగిలిన గళ్ళు నింపాను. పేరు, తండ్రి పేరు, దుకాణం చిరునామా, సరుకు. ఆఖరున ఒక గడి ఉంది. సంఘ కార్యవర్గంలో మీ రక్తసంబంధీకులు ఎవరైనా ఉన్నారా?

లేరు అని రాశాను.

నా వంతు వచ్చింది. వంశీధర్ ఫారం అందుకుని పైనుంచి కిందికి చదువుతూ వచ్చాడు. ఆఖరి గడి దగ్గర ఆగిపోయాడు. గదిలో ఇంకా నలుగురు వ్యాపారులున్నారు. అందరూ మమ్మల్ని పుట్టినప్పటినుంచీ ఎరిగినవాళ్ళే.

"హైమా, ఇది..." అన్నాడు గొంతు తగ్గించి.

"సరిగ్గనే రాసిన," అన్నాను.

ముద్ర తీసుకుని ప్యాడ్ మీద అద్దాడు. మొదటిసారి సగమే పడింది. మళ్ళీ అద్ది, దాని మీదే ఇంకోసారి నొక్కి, ఫారం నా వైపు తిప్పి పెట్టాడు.